ఆఫ్రికా నువ్వుల మీద సుంకం వేస్తే మన నువ్వు నిలబడుతుందా?

బెంగళూరు తెలుగువాళ్ళ చర్చా వేదిక. విభాగం: పంటలు, వ్యాపారం

గానుగ_మూర్తి (మారతహళ్ళి)
అందరికీ నమస్తే. మాది ఎలమంచిలి పక్క పల్లె. ఇక్కడ చిన్న చెక్క గానుగ నడుపుతున్నాను. నువ్వులు, పల్లీలు, కొబ్బరి ఆడిస్తాం. మొన్న యశవంతపుర యార్డులో నాకు సరుకిచ్చే సేటు రెండు పళ్ళేల్లో రెండు రకాల నువ్వులు పోసి చూపించాడు. ఒకటి మన ఆంధ్రా సరుకు. రెండోది ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చింది. రెండోదే చౌక. పోనీ నాసిరకమా అంటే అదీ కాదు. ఇసుక లేదు, పుల్ల లేదు, గింజంతా ఒకే రంగు. మన సరుకు జల్లిస్తే మట్టిబెడ్డలు.

ఊళ్ళో మా బావమరిదేమో కోత కూలి కూడా గిట్టలేదు, వచ్చే ఏడు నువ్వు మానేసి సరుగుడు వేస్తానంటున్నాడు. ఇక్కడ నేను "మన ఊరి నువ్వుల నూనె" అని సీసా మీద రాసుకుని అమ్ముతున్నాను.

హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వులు దొరికాయి. అంత పాత పంట మనది. ఒకప్పుడు ఎన్నో దేశాలకి అమ్మినవాళ్ళం ఇప్పుడు కొనుక్కుంటున్నాం. దిగుమతి మీద గట్టిగా సుంకం వేయాలా, వద్దా? నువ్వు ఒక్కటే కాదు, కుసుమలు, వలిసెలు, మిరియాలు, ధనియాలు, అన్నిటికీ ఇదే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టుకోకుండా.

పాలకొల్లు_బుల్లోడు
వెయ్యాలి. వంద శాతం వెయ్యాలి. ఇందులో చర్చేముంది మూర్తన్నా.

వైట్‌ఫీల్డ్_వేణు
బుల్లోడు గారూ, సుంకం వేస్తే కట్టేది సూడాన్ వాడు కాదు, ఇడ్లీలోకి నువ్వుల పొడి కొట్టుకునే మనం.

పైగా సుంకం లేదని ఎవరన్నారు? మామూలు దేశాలకి ఉంది. బాగా వెనకబడిన దేశాల సరుకుకి మాత్రం 2008లో మన ప్రభుత్వమే సుంకం లేని పథకం ఇచ్చింది. సూడాన్, టాంజానియా లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మనం తలుపు మూస్తే వాళ్ళకేం నష్టం లేదు. నువ్వులు అందరికన్నా ఎక్కువ కొనేది చైనా. ఆ సరుకంతా అటు పోతుంది.

ఇంకోటి. మనం కొంటూనే అమ్ముతున్నాం కూడా. పొట్టు తీసిన నువ్వులు ఇక్కడి నుంచి చాలా దేశాలకి పోతాయి. కొరియా వాళ్ళు టెండరు పిలిస్తే గుజరాత్‌లో నువ్వుల రేటు కదులుతుంది. బయటి గింజ చౌకగా దొరికితేనే ఆ పొట్టు తీసే మిల్లులకి ఏడాది పొడుగునా పని. మిల్లు మూతపడితే మన రైతు సరుకు కొనేవాడు ఒకడు తగ్గినట్టే కదా?

పాలకొల్లు_బుల్లోడు
వైట్‌ఫీల్డ్‌లో ఏసీలో కూర్చుని రైతు గురించి ఎన్నయినా చెప్పొచ్చు సార్.

వైట్‌ఫీల్డ్_వేణు
మీరు పాలకొల్లు గట్టు మీద కూర్చుని టైపు చేస్తున్నారా? ప్రొఫైల్లో బెంగళూరు బీటీఎం లేఅవుట్ అని కనబడుతోంది మరి.

హెబ్బాళ_మాష్టారు
బాబూ, ఇద్దరూ కాస్త ఆగండి. నేను ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో నూనెగింజల మీద చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. సుంకం సంగతి తర్వాత. ముందు మొక్క సంగతి చూద్దాం.

నువ్వుకి అసలు చిక్కు దాని కాయలోనే ఉంది. పండగానే కాయ కొన నోరు తెరుస్తుంది. గాలి కాస్త గట్టిగా వీచినా గింజ నేలపాలు. అందుకని మొక్క పూర్తిగా ఎండేదాకా ఆగడానికి లేదు. కింది కాయలు పసుపు తిరిగి ఆకు రాలుతుండగా చేత్తో కోయాలి, కట్టలు కట్టాలి, నిలబెట్టి ఆరబెట్టాలి, తర్వాత తిరగేసి కర్రతో దులపాలి. రెండు మూడు దఫాలు. వరికి కంబైన్ వచ్చింది, మొక్కజొన్నకి వచ్చింది. నువ్వుకి మనిషే దిక్కు. అమెరికాలో టెక్సాస్ వైపు సెసాకో అనే కంపెనీ గింజ రాలని రకాలు తయారు చేసి మిషన్‌తో కోయిస్తోంది. మన రైతు చేతిలో ఇంకా కొడవలే.

దానికి తోడు వెర్రి తెగులు. దీపపు పురుగులు మోసుకొచ్చి అంటిస్తాయి, పూత వచ్చే చోట ఆకుల కుచ్చు వస్తుంది, ఆ మొక్కకి ఇక కాయ లేదు. మన దేశంలో సగటున హెక్టారుకి అయిదు క్వింటాళ్ళ చుట్టుపక్కలే పండుతోంది. చైనాలో దానికి మూడింతల దాకా. ఎలమంచిలి పరిశోధనా స్థానం వాళ్ళ వైఎల్ఎం-66 లాంటి మంచి రకాలు లేక కాదు. విత్తనం ఎకరాకి రెండున్నర కిలోలే, దానికి మూడింతలు ఇసుక కలిపి చల్లుతారు. అంత తక్కువ విత్తనం అమ్మి బతకలేనని ప్రైవేటు కంపెనీ దీని జోలికే రాదు. ఇంటి గింజే ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది.

వైట్‌ఫీల్డ్_వేణు
మాష్టారూ, ఒక సందేహం. చైనా సరే. సూడాన్‌లో ఎకరా దిగుబడి మనకన్నా కూడా తక్కువ కదా? పైగా 2023 ఏప్రిల్ నుంచి అక్కడ యుద్ధం. అయినా వాళ్ళ గింజ చౌకగా ఎలా దిగుతోంది? అంటే దిగుబడి ఒక్కటే కారణం కాదన్నమాట.

హెబ్బాళ_మాష్టారు
సరైన ప్రశ్న వేశావు వేణూ. అసలు మాట అక్కడే ఉంది.

సూడాన్‌లో ఆ నేలకి నువ్వు కాకపోతే జొన్న. అంతకు మించి పెద్దగా దారి లేదు. విశాలమైన పొలం, వాన మీద ఆధారం, ఎరువు లేదు, మందు లేదు. తక్కువ పండినా ఖర్చూ తక్కువే. మన మూర్తి బావమరిది పొలానికి మాత్రం బోరు ఉంది, మొక్కజొన్న ఉంది, సరుగుడు ఉంది. ఇప్పుడు లెక్క వేయండి. 2025-26కి నువ్వుల మద్దతు ధర క్వింటాకి 9,846 రూపాయలు. సాగు ఖర్చు 6,564 అని ప్రభుత్వమే చెప్పింది. ఎకరాకి మూడు క్వింటాళ్ళు పండాయనుకుందాం, ముప్పై వేలు దాటవు. మొక్కజొన్న మద్దతు ధర 2,400. రబీలో నీళ్ళున్న చోట కోస్తా రైతు పాతిక క్వింటాళ్ళు తీస్తే అరవై వేలు. దాని ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కోతకి మిషన్ ఉంది, కొనడానికి కోళ్ళ దాణా వాడు ఊరి బయట లారీ పెట్టుకుని ఉంటాడు.

కాబట్టి మన నువ్వుని ఓడిస్తున్నది సూడాన్ నువ్వు కాదు, పక్క మడిలో మొక్కజొన్న. ఓడలో వచ్చేది ఆ ఖాళీని నింపుతోందంతే.

కుసుమనే చూడండి. 1980ల చివర్లో ఈ దేశంలో పది లక్షల హెక్టార్లలో ఉండేది. గదగ, విజయపుర నల్లరేగళ్ళలో పొలం చుట్టూ ముళ్ళకంచెలా, మధ్యలో పంటగా. ఇప్పుడు దేశం మొత్తం మీద లక్ష హెక్టార్లకి లోపే. కుసుమల్ని ఎవరూ ఓడల్లో తెచ్చి కుమ్మరించలేదు. ఆ నేలంతా శనగలోకి పోయింది. ముళ్ళ పంట కోయడానికి కూలీలు రామన్నారు, శనగని ప్రభుత్వం కొంటానంది. రైతు తెలివైనవాడు, మారాడు.

అనంత_సుబ్బు
మాష్టారూ మీ లెక్క బాగానే ఉంది గానీ చరిత్ర మర్చిపోతున్నారు. 1986లో నూనెగింజల కోసం టెక్నాలజీ మిషన్ అనే పథకం పెట్టారు. 1990ల మొదట్లో వంటనూనెలో దాదాపు మన కాళ్ళ మీద మనం నిలబడ్డాం. 1994లో పామాయిల్‌కి తలుపు తీశారు, తర్వాత సుంకం దించుకుంటూ పోయారు. ఇప్పుడు మనం తినే నూనెలో సగానికి పైగా బయటిదే. ఏటా కోటిన్నర టన్నులకి పైన. మా అనంతపురంలో వేరుశనగ ఏమైందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక సుంకమా, అదొక ఊయల. 2024 సెప్టెంబరులో ముడి పామ్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద సెస్సులతో కలిపి 27.5 శాతం చేశారు. రైతు ఊపిరి పీల్చుకునేలోపు 2025 మే ఆఖర్న 16.5కి దించారు. ఈ మధ్యలో ఏ రైతు ఏ పంట వేయాలో ఎలా తేల్చుకుంటాడు? 20 శాతమే ఉంచండి, కానీ పదేళ్ళు కదపకండి. అప్పుడు విత్తనం వాడూ వస్తాడు, మిషన్ వాడూ వస్తాడు.

గానుగ_మూర్తి
సుబ్బన్నా, పామాయిల్‌తో నువ్వు పోటీ పడేది ఎలాగూ లేదు. ఆయిల్ పామ్ తోట హెక్టారుకి మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. మాష్టారు చెప్పిన అయిదు క్వింటాళ్ళ నువ్వులు మిల్లులో పిండితే రెండు క్వింటాళ్ళ చిల్లర నూనె. నా గానుగలో అంతకూడా రాదు, బెల్లం వేసి తిప్పినా పిండాక మిగిలే చెక్కలో కొంత నూనె ఉండిపోతుంది. (ఆ తెలగపిండికి ఇక్కడ గిరాకీ చూస్తే ఆశ్చర్యపోతారు. మునగాకు కూరలోకని గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ముందే చెప్పి పెట్టుకుంటారు.) పామాయిల్ మీద సుంకం పెంచినా నా సీసా కొనేవాళ్ళు పెరగరు, తగ్గరు. నువ్వుల నూనె కొనేవాడు వాసన కోసం కొంటాడు, ఆవకాయ కోసం కొంటాడు. రేటు అడిగి బేరం ఆడతాడు గానీ పామాయిల్ తీసుకుని పోడు.

అనంత_సుబ్బు
అది బెంగళూరు సీసా లెక్క అన్నా. ఊళ్ళో కిరాణా కొట్లో వాసన చూసి కొనే స్థోమత ఎంతమందికి ఉంది?

పల్నాటి_కాయ
నువ్వుల వాళ్ళంతా మమ్మల్ని చూసి కుళ్ళుకోండి. మిరపలో మనం ప్రపంచంలో నంబర్ వన్. పండించడంలో మనమే, అమ్మడంలో మనమే. 2023-24లో ఆరు లక్షల టన్నులు బయటికి పోయాయి. సుంకం బెడద లేదు, దిగుమతి బెడద లేదు. మరి 2025 జనవరి, ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ఏం జరిగింది? అంతకు ముందు ఇరవై వేల పైన చూసిన కాయ పదకొండు వేలకి దిగింది. కేంద్రం క్వింటాకి 11,781 అని లెక్క కట్టి 2.58 లక్షల టన్నుల వరకు తేడా ఇస్తామంది. ఎకరాకి కౌలు, మందులు, కోత కూలి కలిపి రెండు లక్షలు దాటించినవాడికి ఆ రేటు ఎక్కడ ఆనుతుంది?

పోటీలో గెలిచాక వచ్చే కష్టం ఇంకో రకం. 2021-22లో నల్ల తామరపురుగు పడి తోటలకి తోటలు పోయాయి. కాయ దొరక్క రేటు ఆకాశానికి పోయింది. అది చూసి తర్వాతి రెండేళ్ళు అందరూ మిరపే. చైనా వాళ్ళు తేజా రకం కొనడం కాస్త నెమ్మదిస్తే చాలు, ఏసీల్లో (కోల్డ్ స్టోరేజీల్లో) టిక్కీలు, అంటే మిరప బస్తాలు, పేరుకుపోతాయి. కొత్త కాయ వచ్చే నాటికి పాత కాయ నిండుగా ఉంటుంది. మా నాన్న కమీషన్ కొట్టులో ఈ ఏసీ కాయ గోల వినీ వినీ నేను కోడింగ్ నేర్చుకున్నాను.

హావేరి_అల్లుడు
కాయన్నా, మీ ఏసీ సరుకు ఎక్కడికి వస్తుందో చెప్పలేదే? మా అత్తగారి ఊరు హావేరి జిల్లా బ్యాడిగి మిరప మార్కెట్ పక్కన. 2024 మార్చి 11న అక్కడ రైతులు ఏపీఎంసీ (మార్కెట్ కమిటీ) ఆఫీసు మీద పడి బండ్లు తగలబెట్టారు. ఒక్కరోజులో ధర అలా పడిపోయిందని. గుంటూరు ఏసీల్లోంచి దింపిన కాయ, బళ్ళారి రాయచూరు వైపు పండే హైబ్రిడ్ కాయ ఇక్కడ కుప్పలు పోయడమే కారణమని వాళ్ళ మాట. డబ్బి, కడ్డి అని పేరున్న అసలు బ్యాడిగి కాయ కారం తక్కువ, రంగు ఎక్కువ. ముడతలు పడి ఉంటుంది. ఆ రంగు తీసి లిప్‌స్టిక్కుల దాకా వాడతారు. దానికి 2011లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం గోడకి ఉంది, కింద వేలంలో అన్నీ ఒకే రాశి.

సూడాన్ దాకా ఎందుకు, ముందు ఆంధ్రా కాయ మీద సుంకం వేయమంటారు మా మామగారు.

పల్నాటి_కాయ
మీ మామగారికి నమస్కారాలు చెప్పండి. బ్యాడిగి వ్యాపారులే గుంటూరు వచ్చి కొంటారని కూడా చెప్పండి. మేమేం దొంగతనంగా తెచ్చి పోయలేదు.

హావేరి_అల్లుడు
అదే కదా నేననేది. కొనేవాడు రెండు చోట్లా ఒకడే, పడేది రెండు చోట్లా రైతు మీదే.

నిర్వాహకుడు
గుంటూరు-బ్యాడిగి పంచాయితీ ఇక్కడితో ఆపండి. కన్నడ మిత్రులు కూడా ఈ వేదిక చదువుతారు.

పద్మజ_పీణ్య
నేను పీణ్యలో ఒక ఆహార పరీక్షల ల్యాబులో చేస్తాను. పేరు చెప్పను. మీరంతా ధర, ధర అంటున్నారు. నా టేబుల్ మీదికి వచ్చే సంచుల్లో తేలే సంగతి వేరే.

2020 సెప్టెంబరులో బెల్జియం వాళ్ళు మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ పట్టుకున్నారు. అది సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడే వాయువు. యూరప్‌లో నువ్వులకి కిలోకి 0.05 మిల్లీగ్రాములే పరిమితి. ఆ దెబ్బకి అక్కడ దుకాణాల్లోంచి రొట్టెలు, బిస్కెట్లు వెనక్కి తీశారు. అక్టోబరు నుంచి మన నువ్వుల లోడ్లలో సగం ఆపి పరీక్షించాలని రూలు తెచ్చారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన మసాలా పొడుల మీద వచ్చిన గొడవ కూడా ఈ వాయువు గురించే.

ఆ వాయువు ఎందుకు కొట్టాల్సి వచ్చింది? సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉందని. సాల్మొనెల్లా ఎక్కణ్ణుంచి వచ్చింది? కల్లంలో పేడ అలికిన నేల మీద, రోడ్డు పక్క తారు మీద గింజ ఆరబోశాం కాబట్టి. కాకులు, కుక్కలు, ట్రాక్టరు టైర్లు, అన్నీ దాని మీదుగానే. మూర్తి గారి పళ్ళెంలో మట్టిబెడ్డలు అక్కడివే. ఒక టార్పాలిన్‌తో పోయేదాన్ని వాయువుతో కప్పిపెట్టి, ఆ వాయువు పేరు మీద మార్కెట్ పోగొట్టుకున్నాం. మిరపకాయదీ ఇదే దారి. తేమతో కుప్ప వేస్తే బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం. యూరప్ పరిమితి బీ1 రకానికి కిలోకి 5 మైక్రోగ్రాములు. కంటికి కనబడదు, కాయ ఎర్రగానే ఉంటుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఇథిలీన్ ఆక్సైడ్‌ని అమెరికా మసాలాల్లో 7 పీపీఎం, అంటే కిలోకి 7 మిల్లీగ్రాముల దాకా రానిస్తుంది. యూరప్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఇదంతా శాస్త్రమే, ఇందులో వ్యాపారం లేదు అని నేననను. కానీ కొనేవాడి రూలు ముందే తెలిసినప్పుడు దానికి తగ్గట్టు సరుకు విడిగా ఉంచుకోవడం మన పని.

పాలకొల్లు_బుల్లోడు
అక్కా, ఆఫ్రికా వాడు టార్పాలిన్ వేస్తున్నాడా మరి? వాడి సరుకు శుభ్రంగా ఎలా ఉంది?

పద్మజ_పీణ్య
వాళ్ళ పొలంలో శుభ్రం కాదు తమ్ముడూ, రేవులో శుభ్రం. ఓడ ఎక్కే ముందు జల్లెడ మిషన్లలో పట్టి ఎక్కిస్తారు. మన దగ్గర ఎగుమతి సరుకుకీ ఆ మిషన్లు ఉన్నాయి. మూర్తి గారికి యార్డులో దొరికేది మాత్రం ఏ మిషనూ చూడని గింజ. ఆయన పోల్చింది జల్లించిన దాన్ని, జల్లించని దాన్ని.

అరకు_చిన్ని
మూర్తి గారు పేరు చెప్పాక ఇంకెవరూ మా వలిసెల ఊసెత్తలేదు! నవంబరు, డిసెంబరులో బెంగళూరు నుంచి కార్లేసుకుని వచ్చి ఆ పసుపు పూలల్లో ఫొటోలు దిగి పోతారు. ఆ గింజ అమెరికాలో పిట్టలకి మేత అని ఎంతమందికి తెలుసు? బంగారు తీగ విత్తనం కలిసి వస్తుందని వాళ్ళు వేడి చేసిన గింజనే రానిస్తారు. అక్కడ మాకు పోటీ ఇథియోపియా. 2025-26కి మద్దతు ధర క్వింటాకి 9,537. కాగితం మీద బ్రహ్మాండం. సంతలో కొనే షావుకారికి ఆ కాగితం చదవడం రాదు.

ఈ మధ్య కొందరు రైతులు ఫొటోకి ఇంత అని వసూలు చేస్తున్నారు. గింజ కన్నా అదే నయం అంటున్నారు.

వైట్‌ఫీల్డ్_వేణు
చిన్ని గారి మాటతో ఈ చర్చ మొత్తంలో మొదటిసారి ఒక చిన్న నూనెగింజ లాభాల్లో కనబడింది :)

సక్లేశపుర_సుధ
సుంకం వేస్తే ఏమవుతుందో ఊహించక్కర్లేదు, మిరియాల్లో చేసి చూశారు. నేను ఒక కాఫీ ఎస్టేటు లెక్కలు రాస్తాను. కాఫీ నీడ చెట్లకి పాకిన మిరియం మాకు పక్క ఆదాయం. ఇప్పుడు దేశంలో మిరియం ఎక్కువ పండేది కేరళలో కూడా కాదు, మా కర్ణాటకలోనే.

వియత్నాం ఏటా రెండు లక్షల టన్నుల చుట్టూ పండిస్తుంది. వాళ్ళది కొయ్యలకి పాకించిన తోట, మిరియం తప్ప ఇంకోటి ఉండదు, ఎకరా దిగుబడి మనకి అందనంత ఎక్కువ. శ్రీలంక ఒప్పందంలో ఏటా 2,500 టన్నులు సుంకం లేకుండా రావచ్చు. వియత్నాం సరుకే శ్రీలంక పేరుతో దిగుతోందని మా వైపు పెద్ద గోల జరిగింది. 2017 డిసెంబరులో కేంద్రం కిలోకి 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది. అంతకన్నా తక్కువ రేటుకి తేవడానికి లేదు.

రేటు వెంటనే లేచిందా? లేవలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం 500 కిందే అమ్ముకున్నాం. తేవడానికి దారులు మిగిలాయి. మిరియం సత్తు తీసి తిరిగి ఎగుమతి చేసే కంపెనీలకి మినహాయింపు ఉంది, అదీ అవసరమే, లేకపోతే కొచ్చి ఫ్యాక్టరీలు ఆగిపోతాయి. రేటు బాగా పెరిగింది ఈ రెండు మూడేళ్ళలో, వియత్నాంలో రైతులు మిరియం పీకి దురియాన్ పండ్ల తోటలు, కాఫీ వేసుకున్నాక. అంటే అక్కడా మాష్టారు చెప్పిందే. మిరియాన్ని ఓడించింది పక్క మడి.

అయినా ఆ 500 గీత తీసేయమని మాత్రం నేను అడగను. ధర పాతాళానికి పోయినప్పుడు అది కాస్తయినా అడ్డం పడింది.

అనంత_సుబ్బు
చివరి వాక్యం మాష్టారికి వినబడాలి.

హెబ్బాళ_మాష్టారు
వినబడింది సుబ్బూ. నేను సుంకం వద్దనలేదు. సుంకం గోడ మాత్రమే, లోపల ఇల్లు కట్టాల్సింది వేరేవాళ్ళు. గోడ కట్టి ఇల్లు మర్చిపోవడం మన అలవాటు.

ఇల్లు కట్టిన పంట ఒకటి ఉంది, ఆముదం. అదీ చిన్న నూనెగింజే. ప్రపంచంలో అమ్ముడయ్యే ఆముదంలో పదింట తొమ్మిది పాళ్ళు దాదాపు మన దేశానిదే. మందుల్లో, ఇంజన్ నూనెల్లో, ఒక రకం నైలాన్‌లో వాడతారు. ఎలా వచ్చింది? 1960ల చివర్లో గుజరాత్ శాస్త్రవేత్తలు జీసీహెచ్-3 అనే హైబ్రిడ్ తెచ్చారు. ఆముదంలో ప్రపంచానికే అది మొదటిది. అక్కడి రైతు దానికి నీళ్ళు పెట్టాడు. మిల్లులు చుట్టుపక్కలే లేచాయి. గింజ కొనేవాడు రోజూ ఉన్నాడు. ఆ నాలుగూ ఒకచోట కలిశాయి.

మన పాలమూరు, నల్లగొండ కూడా ఒకప్పుడు ఆముదం జిల్లాలే. వాన మీద పంట, వాన ఎక్కువైతే గెల మీద బూజు. 2002 తర్వాత బీటీ పత్తి వచ్చేసరికి రైతు అటు తిరిగాడు. ఒకే దేశం, ఒకే సుంకం, ఒకే పంట. గుజరాత్‌లో గెలిచింది, తెలంగాణలో పోయింది. దీనికి ఆఫ్రికాని ఎలా తిడతాం?

పల్నాటి_కాయ
మాష్టారూ, గెలిచిన ఆముదానికి కూడా రైతు చేతిలో ధర లేదు కదా. 2016 జనవరిలో ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజిలో ఆముదం ఫ్యూచర్స్ (ముందస్తు బేరాల) ట్రేడింగే ఆపేయాల్సి వచ్చింది, ధర కూలి చెల్లింపులు ఆగాయని. ప్రపంచమంతా మన దగ్గరే కొనాలి, అయినా ధర మన మాట వినదు. మిరపలో మేం చూసిందీ అదే.

హెబ్బాళ_మాష్టారు
నిజమే. అయినా అక్కడి రైతు ఆముదం మానలేదు కదా. ఒక ఏడు పోయినా వచ్చే ఏడు కొనేవాడుంటాడని నమ్మకం. నువ్వు రైతుకి లేనిది అదే.

వైట్‌ఫీల్డ్_వేణు
సరే, డబ్బుల మాటకొద్దాం. 2024 అక్టోబరులో నూనెగింజల కొత్త మిషన్ పథకానికి కేంద్రం 10,103 కోట్లు కేటాయించింది. 2030-31కల్లా గింజల ఉత్పత్తి 390 లక్షల టన్నుల నుంచి 697 లక్షల టన్నులకి తీసుకుపోతామని లెక్క. నా అనుమానం, అందులో పెద్ద వాటా సోయాకీ, ఆవాలకీ, వేరుశనగకీ పోతుంది. నువ్వు, కుసుమ, వలిసెలకి మిగిలేది జాబితాలో పేరు. ఆ డబ్బులో ఒక్కటి చేయాలంటే ఏం చేయాలి మాష్టారూ? ఒక్కటే చెప్పండి.

హెబ్బాళ_మాష్టారు
కాయ రాలని నువ్వు. మిషన్ దిగగలిగే నువ్వు. అది వచ్చిన రోజున మొక్కజొన్న రైతు కూడా వేసవి పంటగా నువ్వు వైపు చూస్తాడు, తొంభై రోజుల్లోపు చేతికొచ్చే పంట కదా.

పద్మజ_పీణ్య
అది వచ్చేదాకా టార్పాలిన్లు. మాష్టారి రకం రావడానికి పదేళ్ళు, టార్పాలిన్ రేపు సాయంత్రానికి వస్తుంది.

అనంత_సుబ్బు
పదేళ్ళు కదలని సుంకం. నా మాట మీద నేనున్నాను.

పాలకొల్లు_బుల్లోడు
వంద శాతం. నా మాట మీద నేనూ ఉన్నాను.

గానుగ_మూర్తి
అందరికీ థాంక్స్. రెండు పనులు చేస్తున్నాను. ఆఫ్రికా నువ్వు కొనక తప్పేట్టు లేదు, ఏడాది పొడుగునా మన సరుకు దొరకదు. అందుకని రెండు సీసాలు వేరు చేస్తాను. దేంట్లో ఏ నువ్వో మీద రాస్తాను, రేటు తేడా కూడా రాస్తాను. ఎవరు ఏది కొంటారో చూసి ఇక్కడే చెబుతాను.

రెండోది, నిన్న రాత్రి మా బావమరిదికి ఫోన్ చేశాను. ఈ ఒక్క ఏడు సరుగుడు ఆపు, నాలుగు టార్పాలిన్లు నేను పంపిస్తాను, జల్లించిన గింజకి యార్డు రేటు మీద పైన వేసి నేనే కొంటాను అన్నాను. అంతా విన్నాడు. "టార్పాలిన్లు సరే బావా, వాటితో పాటు కోతకి పదిమందిని కూడా బస్సెక్కించు" అన్నాడు. మాష్టారూ, మీ రాలని నువ్వు ఎంతవరకు వచ్చిందో కనుక్కుని చెప్పండి.